పేవర్‌ను పరీక్షించాల్సింది సాయంత్రం, అది ఇంకా వేడిగా ఉన్నప్పుడే

రోడ్డు మీద తారు మిశ్రమాన్ని పరిచే పేవర్ యంత్రం ఒకటి, దాన్ని అణిచే రోలర్లు రెండు ఉన్న బృందానికి మీరు కొత్తగా సూపర్‌వైజర్ అయ్యారు. రోజూ తనిఖీకి గంటసేపు పోతోందని, ఏదైనా చెడిపోయినప్పుడు బాగుచేయించుకుంటే చాలని ఆపరేటర్లు అంటున్నారు, వాళ్లకు ఏం చెప్పాలని మీ ప్రశ్న. పదిహేడేళ్లుగా ఈ యంత్రాల మరమ్మతులే నా వృత్తి. తనిఖీ మానకండి, వేళ మార్చండి. ఎక్కువ భాగం పొద్దున్నే కాకుండా సాయంత్రం పని ఆగగానే జరగాలి.

తారు మిశ్రమం పేవర్ ముందుండే తొట్టిలో, అంటే హాపర్‌లో, పడేటప్పుడు దాని వేడి సుమారు 150 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. రాత్రంతా చల్లారితే అదే రాయిలా బిగుసుకుంటుంది. పొద్దున ఆ పెచ్చు కింద, మిశ్రమాన్ని వెనక్కి లాగే కన్వేయర్ గొలుసు లింకు అరిగిందో, బోల్టు ఊడిందో ఎవరికి కనిపిస్తుంది? పైగా ఆ స్థితిలో కన్వేయర్‌ను తిప్పితే భారమంతా గొలుసు మీదే పడుతుంది. వేడి ఉండగా గీకి శుభ్రం చేస్తుంటే ప్రతి భాగం మీదా చెయ్యీ కన్నూ పడతాయి. చాలా లోపాలు అక్కడే బయటపడతాయి. శుభ్రం చేయడానికి మాత్రం డీజిల్ వాడనివ్వకండి. అది తారును కరిగిస్తుంది, మిగిలిన చుక్కలు మర్నాటి రోడ్డులో మెత్తని మచ్చలవుతాయి, వేడి లోహం మీద నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఈ పనికోసమే తయారైన ద్రావణాలు దొరుకుతాయి.

ఇక ఆగర్ బేరింగ్‌లు. ఆగర్ అంటే మిశ్రమాన్ని రోడ్డు వెడల్పునా పంచే, మరలాంటి కడ్డీ. దాని చివర్లలో ఉండే ఈ బేరింగ్‌లు రోజంతా వేడి మిశ్రమంలోనే మునిగి ఉంటాయి. నేను పనిలో చేరిన మూడో ఏడు వరుసగా రెండు సాయంత్రాలు ఆలస్యమైందని వాటికి గ్రీజు కొట్టకుండానే ఇళ్లకు వెళ్లిపోయాం. రిజిస్టర్‌లో మాత్రం టిక్కు పెట్టాను, పెట్టింది నేనే. మూడో రోజు మధ్యాహ్నం ఎడమవైపు బేరింగ్ పట్టేసింది. వెనుక ఐదు టిప్పర్లు నిలిచిపోయాయి. వాటిలోని మిశ్రమం చల్లారి పనికిరాకుండా పోయింది. అప్పటికే పరిచిన పొర అంచును కోసి తీసేయాల్సి వచ్చింది. గ్రీజు గన్‌ను నాలుగైదుసార్లు నొక్కి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. బేరింగ్ వేడిగా ఉండగానే, కొత్త గ్రీజు పాతదాన్ని బయటికి నెట్టేదాకా కొట్టాలి. బయటికొచ్చే గ్రీజులో ఇసుకలాంటి గరుకు తగిలితే సీలు పోయినట్టే.

ఆ రోజు నుంచి నేను టిక్కుల రిజిస్టర్‌ను నమ్మడం మానేశాను. మా దగ్గర ఇప్పుడు అంకెలే రాస్తాం: యంత్రం ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ రీడింగు, కన్వేయర్ గొలుసు ఎన్ని మిల్లీమీటర్లు వేలాడుతోంది, పరిచిన మిశ్రమాన్ని చదును చేసే స్క్రీడ్ అడుగు ప్లేటు మందం ఎంత మిగిలింది. అంకె రాయాలంటే వంగి కొలవాల్సిందే. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన పెడితే గొలుసు ఎంత వేగంగా సాగుతోందో తెలిసిపోతుంది. వేలాడటం ఎంతవరకు ఉండవచ్చో మీ యంత్రం పుస్తకంలో ఉంటుంది. మరీ బిగిస్తే గొలుసును తిప్పే పళ్లచక్రాలు (స్ప్రాకెట్లు) అరుగుతాయి, మరీ వదులైతే గొలుసు పళ్ల మీంచి జారుతుంది.

స్క్రీడ్‌కు వారానికోసారి అడుగున దారం లాగి పట్టి చూడండి. ప్లేటు ఒకచోట ఎక్కువ అరిగితే పరిచిన పొర మీద పొడవాటి చారలు పడతాయి, ఆపరేటర్ తప్పు లేకపోయినా మాట మాత్రం అతనే పడతాడు. అడుగుకు వెళ్లేముందు ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, స్క్రీడ్‌కు ఉన్న లాకులు పెట్టి తీరాలి. ఆయిలు ఒత్తిడితో స్క్రీడ్‌ను ఎత్తే హైడ్రాలిక్ సిలిండర్లు పట్టుకుని ఉన్నాయి కదా అని ఎవరినీ కిందికి పంపకండి. హోసు పైపులో లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి, చేత్తో తడమకూడదు. సూదిమొనంత చిల్లులోంచి చిమ్మే ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

రోలర్ల పని కొంత తేలిక. నీళ్లు చల్లే నాజిళ్లలో ఒక్కటి మూసుకుపోయినా డ్రమ్ముకు తారు అంటుకుని రోడ్డును పీకేస్తుంది కాబట్టి రోజూ చూడండి. డ్రమ్ము దగ్గరి రబ్బరు దిమ్మెల్లో పగుళ్లు, డ్రమ్మును గీకే స్క్రేపర్ల అరుగుదల వారానికోసారి చూస్తే చాలు.

పొద్దున మిగిలేది పదిహేను నిమిషాల పని: ఇంజిన్ ఆయిలు, కూలెంట్, హైడ్రాలిక్ ఆయిలు మట్టాలు చూడటం, ఇంధన ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదలడం. డీజిల్ ట్యాంకును సాయంత్రమే నింపితే రాత్రి చలికి లోపల చెమ్మ పట్టదు. ఎయిర్ ఫిల్టర్‌ను మాత్రం రోజూ విప్పి దులపవద్దు, విప్పిన ప్రతిసారీ దుమ్ము ఇంజిన్‌లోకి వెళ్లే అవకాశం ఉంటుంది. సూచిక ఎరుపు చూపినప్పుడు మార్చండి. ఇంజిన్ ఆయిలు చాలా యంత్రాలకు 250 లేదా 500 గంటలకు మార్చాలి, మీదానికి ఎంతో పుస్తకంలో చూడండి.

ఆపరేటర్ల మాటకొస్తే, కొలతలు వాళ్లచేతే రాయించండి. శబ్దం మారిందని అందరికంటే ముందు తెలిసేది సీటులో కూర్చున్న మనిషికే, దాన్ని రాయడానికీ పేజీలో చోటుంచండి. రేపు సాయంత్రం ఆగర్ బేరింగ్‌ల దగ్గరే మొదలుపెట్టి, పాత గ్రీజు ఎలా బయటికొచ్చిందో ఇక్కడే రాయండి, తరువాత ఏం చూడాలో చెబుతాను.