పోలీసులు రోగి శరీరంలో సాక్ష్యం అడిగినప్పుడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

అమెరికా ఆస్పత్రిలో అత్యవసర విభాగంలో వైద్యురాలిగా చేరబోతున్నావు కనుక, ఇక్కడి కోర్టుల్లో చాలాకాలం క్రిమినల్ కేసులు వాదించినవాడిగా ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. పోలీసులు సాక్ష్యం కోసం రోగి రక్తం తీయమన్నా, ఒంట్లోని తూటాను బయటికి తీయమన్నా, అమెరికా రాజ్యాంగం దృష్టిలో అది చికిత్స కాదు, సోదా. అసమంజసమైన సోదాలను నిషేధించే నాలుగవ సవరణ దానికి వర్తిస్తుంది.

అందుచేత వారంటు ఉందా, లేక రోగి స్వయంగా సమ్మతించాడా అని ముందుగా అడుగు. 1966లో ష్మెర్బర్ కేసులో, తాగి కారు నడిపాడన్న అనుమానంతో, ప్రమాదం తరువాత వారంటు తెచ్చేంత వ్యవధి లేనప్పుడు ఆస్పత్రిలో వైద్యుడు తీసిన రక్తాన్ని సుప్రీంకోర్టు సాక్ష్యంగా అంగీకరించింది. అయితే రక్తంలో మద్యం తగ్గిపోతూ ఉంటుందన్న ఒక్క కారణంతో ప్రతిసారీ వారంటును పక్కన పెట్టడం కుదరదని 2013లో మెక్‌నీలీ కేసులో చెప్పింది. స్పృహలో లేని డ్రైవర్ల విషయంలో 2019 నాటి తీర్పు పోలీసులకు కొంత వెసులుబాటు ఇచ్చింది కనుక, అటువంటి సందర్భంలో ఆస్పత్రి న్యాయవాదిని సంప్రదించకుండా సూది పట్టకు.

శస్త్రచికిత్స సంగతి ఇంకా బరువైనది, ఎందుకంటే అక్కడ న్యాయమూర్తి ఉత్తర్వు ఉన్నంత మాత్రాన సరిపోదు. వర్జీనియాలో ఒక దోపిడీ యత్నం కేసులో, నిందితుడి ఛాతీలోని తూటాను తీయించాలని ప్రభుత్వం కోరితే కింది కోర్టు మొదట ఒప్పుకుంది. తూటా పైపైనే ఉందనుకున్నారు. తరువాతి ఎక్స్‌రేల్లో అది కండరంలో లోతుగా ఉందని, పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తుందని తేలింది. ఆరోగ్యానికి ముప్పును, మనిషి గౌరవాన్ని, ఆ సాక్ష్యం నిజంగా ఎంత అవసరమన్నదాన్ని కలిపి తూచి, వేరే సాక్ష్యం ఉండగా ఈ కోత తగదని 1985లో సుప్రీంకోర్టు ఆపింది. చూడమ్మా, ఆ కేసు మలుపు తిరిగింది వైద్యులు చెప్పిన మాట మీదే. కనుక ప్రమాదం ఎంత ఉందో అంతే రాయి. పోలీసుల కోసం తగ్గించకు, రోగి మీద జాలితో పెంచకు.

ప్రాణం నిలపడానికి తూటా తీయవలసి వస్తే అది నీ వైద్యధర్మం, నిస్సంకోచంగా తియ్యి. కానీ చికిత్స పేరుతో సాక్ష్యం సేకరించకు. గర్భిణుల మూత్రంలో కొకెయిన్ ఉందేమో పరీక్షించి, వారి సమ్మతి లేకుండా ఫలితాలను పోలీసులకు అందించే పద్ధతి చార్లెస్టన్‌లోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో నడిచింది. అదీ సోదాయేనని 2001లో తీర్పు వచ్చింది.

ఏది అడిగారు, ఎవరు అడిగారు, ఎన్ని గంటలకు, ఏ కాగితం చూపారు అన్నవన్నీ అప్పటికప్పుడే కేస్ షీట్‌లో రాసి, వారంటు నకలు దానికి జతచెయ్యి.