మోకాలి మార్పిడి తరువాత చీము: లేజర్‌తో నయమవుతుందా?

ప్రశ్న: మా అత్తగారి వయసు 67. పద్నాలుగు నెలల క్రితం విశాఖపట్నంలో ఆమె కుడి మోకాలికి కీలు మార్పిడి చేయించాము. మూడు నెలలుగా కుట్ల మచ్చ కింది కొసన ఆవగింజంత రంధ్రం పడి, తెల్లవారేసరికి చీరకు పసుపుపచ్చని తడి అంటుకుంటోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు వాడినన్నాళ్లు ఆరిపోయి, ఆపగానే మళ్లీ కారుతోంది. అమర్చిన కీలు తీసి కొత్తది వేయాలని సర్జన్‌గారు చెప్పారు. కీలు కదపకుండా లేజర్‌తోనే ఇన్ఫెక్షన్‌ను చంపవచ్చని బంధువు ఒకరు వీడియో పంపారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: మీ అత్తగారి విషయంలో నమ్మవద్దు. లేజర్ వట్టి బూటకమని కాదు. దాని మీద నిజమైన పరిశోధనే జరుగుతోంది. అయితే ఆ పరిశోధన చేరిన చోటికీ, వీడియో ఇచ్చిన మాటకూ మధ్య చాలా దూరం ఉంది.

మొదటిసారి మోకాలు లేదా తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారిలో నూటికి ఒకరిద్దరికి ఇటువంటి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎక్కువగా దీనికి కారణమయ్యేవి మన చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియాలే. అవి లోహానికీ ప్లాస్టిక్‌కూ అతుక్కుని, తమ చుట్టూ బయోఫిల్మ్ అనే జిగురు పొరను అల్లుకుంటాయి. నీళ్ల గోలెం లోపలి గోడకు పట్టిన పాకుడు నీళ్లు మార్చినంత మాత్రాన పోనట్టే, ఈ పొర కూడా మందుతో మాత్రమే పోదు. ఆ పొర లోపలి బ్యాక్టీరియాలు విడిగా తిరిగేవాటితో పోలిస్తే వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్ల దాకా యాంటీబయాటిక్‌కు తట్టుకుంటాయి. మాత్రలు వాడినప్పుడు పైకి ఆరినట్టు కనిపించి, ఆపగానే మళ్లీ కారడానికి కారణం ఇదే.

ఈ పొరను ఊడదీయడానికే లేజర్‌ను రెండు తీరుల్లో పరీక్షిస్తున్నారు. మొదటిది మిథిలీన్ బ్లూ వంటి రంగును పూసి, దాని మీద ఎర్రని కాంతిని ప్రసరింపజేయడం. అప్పుడు రంగు కాంతిని పీల్చుకుని, బ్యాక్టీరియాను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. రెండవది దంతవైద్యులు ఇంప్లాంట్ల చుట్టూ శుభ్రం చేయడానికి వాడే ఎర్బియం యాగ్ లేజర్. దీని 2940 నానోమీటర్ల కిరణాన్ని నీరు విపరీతంగా పీల్చుకుంటుంది కాబట్టి, బయోఫిల్మ్‌లోని తడి రెప్పపాటులో ఆవిరై పొర విచ్ఛిన్నమవుతుంది. వినడానికి ఎంతో బాగుంది. కాని ఇంతవరకు వచ్చిన మంచి ఫలితాల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలో టైటానియం బిళ్లల మీద పెంచిన బయోఫిల్మ్‌కు సంబంధించినవే.

మనిషి మోకాలిలో చిక్కులు వేరు. కాంతి కండలోకి కొద్ది మిల్లీమీటర్లకు మించి బలంగా దిగదు; అందుచేత చర్మం పైనుంచి లేజర్ పెడితే లోపలి లోహం మీది బయోఫిల్మ్‌ను అది చంపలేదు. ఆపరేషన్ చేసి కీలు తెరిచినా కిరణం ఎదురుగా కనిపించే భాగానికే తగులుతుంది. నెలలు గడిచిన ఇన్ఫెక్షన్‌లో బ్యాక్టీరియా లోహానికీ ఎముకకూ మధ్యనున్న సన్నని సందులో కూడా చేరి ఉంటుంది. కీలు ఊడదీస్తే తప్ప అక్కడికి లేజరూ చేరదు, సర్జన్ చేతిలోని బ్రష్షూ చేరదు. పైగా వేడితోనూ జాగ్రత్త అవసరం. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముకకు హాని కలుగుతుందని 1983లో స్వీడన్ పరిశోధకులు కుందేళ్ల మీద చూపించారు. నా అంచనాలో లేజర్‌కు రేపు చోటు దొరికితే అది తెరిచిన కీలును కడిగే పనిలో ఒక సహాయ సాధనంగానే గాని, ఆపరేషన్‌కు బదులుగా కాదు.

పైల్స్‌కూ కంటికీ లేజర్ బోర్డులు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల నిత్యం చూస్తున్న మనకు, మోకాలికి మాత్రం ఎందుకు పనికిరాదన్న అనుమానం రావడం సహజమే. కాని అక్కడ లేజర్ చేసే పని వేరు, లోహానికి అతుక్కున్న బ్యాక్టీరియాను చంపడం కాదు. ఫిజియోథెరపీ కేంద్రాల్లో నొప్పికి పెట్టే తక్కువ శక్తి లేజర్ కూడా పూర్తిగా వేరు; దానికి చీమును పోగొట్టే శక్తి లేదు.

ఆపరేషన్ జరిగిన మొదటి నాలుగు వారాల్లోనో, బాగున్న కీలులో హఠాత్తుగా వాపు మొదలైన మూడు వారాల లోపలో రోగి సర్జన్ దగ్గరికి వస్తే, లోహాన్ని ఉంచి, ప్లాస్టిక్ భాగాన్ని మార్చి, లోపలంతా శుభ్రం చేసే అవకాశం ఉంటుంది. మీరు ఆ గడువు దాటారు. కీలు దాకా దారి ఉన్న రంధ్రం నుంచి చీము కారడం ఒక్కటే ఇన్ఫెక్షన్‌ను నిర్ధారించడానికి చాలు. కనుక మీ సర్జన్‌గారు చెప్పింది సరైన దారే: పాత కీలు తీసి, ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మెను (స్పేసర్) తాత్కాలికంగా అమర్చి, సాధారణంగా ఆరు వారాలపాటు మందులు వాడి, ఇన్ఫెక్షన్ అణిగిందని తేలాక కొత్త కీలు వేస్తారు. కొందరికి ఒకే ఆపరేషన్‌లో రెండు పనులూ పూర్తి చేస్తారు.

ఈ లోపల మీరు చేయవలసిన ముఖ్యమైన పని ఒకటుంది. జ్వరం, చలి వంటి ప్రమాద సూచనలు లేకపోతే, సర్జన్‌గారితో మాట్లాడి ఆ మాత్రలు ఆపించండి. కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపడానికి ముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ పడకుండా ఉంటే మంచిది. లేకుంటే బ్యాక్టీరియా లోపల ఉన్నా పరీక్షలో దొరకకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తెలియక ఊహ మీద వైద్యం చేయవలసి వస్తుంది. రంధ్రం దగ్గర దూదితో అద్ది పంపే నమూనాలో చర్మం మీది బ్యాక్టీరియాలు కలుస్తాయి గనుక దాన్ని నమ్ముకోవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి కూడా ఇదే పరిస్థితి వచ్చి స్పేసర్ వేయాలంటున్నారు. ఆయనకు కిడ్నీ జబ్బు ఉంది, క్రియాటినిన్ 2.1. లేజర్ అయితే మందుల భారం తగ్గుతుందని ఆశపడుతున్నాము.
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ ప్రశ్న రావలసిందే. కాని ఈ రోజు లేజర్ వాడినా యాంటీబయాటిక్ వాడకం తప్పదు కనుక ఆ ఆశ పెట్టుకోవద్దు. ఆలోచించవలసింది ఏ మందు, ఎంత మోతాదు అన్నదే. స్పేసర్ సిమెంటులో సాధారణంగా కలిపే జెంటామైసిన్, వాంకోమైసిన్ ప్రధానంగా కీలులోనే పనిచేసినా, కొంత రక్తంలోకి చేరి కిడ్నీని దెబ్బతీసిన సందర్భాలున్నాయి. అందుచేత ఆపరేషన్‌కు ముందే కిడ్నీ వైద్యుణ్ణి, ఎముకల సర్జన్‌ను ఒకరితో ఒకరు మాట్లాడేలా చేయండి. ఆపరేషన్ తరువాత మొదటి రోజుల్లో క్రియాటినిన్‌ను పదే పదే చూడాలి. నొప్పికి డైక్లోఫినాక్ వంటి బిళ్లలు, సూదిమందులు దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. స్టెఫిలోకాకస్ అని తేలితే మరో యాంటీబయాటిక్‌తో కలిపి రిఫాంపిసిన్ ఇవ్వవచ్చు. దానివల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడవద్దు, కాని ఆయన వాడే షుగర్ మాత్రల పనితనాన్ని, రక్తం పలచబరిచే మందుల పనితనాన్ని అది తగ్గించగలదని వైద్యులకు గుర్తుచేయండి. డిశ్చార్జి కాగితంలో సిమెంటులో ఏ మందు, ఎన్ని గ్రాములు కలిపారో రాయించుకోండి. ఆ తరువాత క్రియాటినిన్ పెరిగితే పలాసలోనో, శ్రీకాకుళంలోనో చూసే కిడ్నీ వైద్యులు మొదట అడిగేది అదే.