గోడ మీద ఫొటో పీకొద్దు

అమ్మడూ,

బుజ్జిగాడు తన అభిమాన క్రికెటర్ ఏదో పాత ప్రకటనలో చెప్పాడని, డబ్బులు పెట్టి ఆడే యాప్ ఒకటి నీ ఫోన్లో వేసుకోబోయాడని, అప్పట్నుంచి అల్లుడుగారు క్రికెట్ పేరెత్తితేనే మండిపడుతున్నారని చెప్పావు. గోడ మీదున్న ఆ క్రికెటర్ ఫొటో పీకేయమంటావా మావయ్యా అన్నావు. పీకొద్దు. ఆ వయసులో అభిమానం లాక్కుంటే కసి మిగులుతుంది తప్ప బుద్ధి రాదు, స్కూల్లో ఆటలు నేర్పే పీఈటీగా పిల్లల మధ్యే బతికినవాణ్ణి, నా మాట విను.

ముందు వాడికి విడమరిచి చెప్పు, బ్యాటింగ్ బాగా చేయడం వేరు, డబ్బు తీసుకుని ఎవరో రాసిచ్చిన మాటలు చెప్పడం వేరు అని. ఆ ఆటలు ఎన్ని కొంపలు ముంచాయో మనకు తెలుసు, తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో నిషేధించారు, దేశమంతటికీ చట్టం 2025లో గానీ రాలేదు, అన్నాళ్లూ మ్యాచ్ మధ్యలో పెద్ద పెద్ద ఆటగాళ్లే వచ్చి ఆడమని పిలిచారు. పిల్లలు చూస్తున్నారని తెలిసీ చేశారు, అది తప్పే. బ్యాడ్మింటన్ ఆటగాడు గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచి వచ్చాక కూల్‌డ్రింక్ ప్రకటనకి పిలిస్తే, తాను తాగనిదానికి ప్రచారం చెయ్యనని వదులుకున్నాడు. అప్పుడాయన దగ్గర డబ్బు మూలుగుతోందని కాదు. ఇది వాడికి తప్పకుండా చెప్పు.

మన క్రికెట్ కెప్టెన్‌గా చేసిన అజారుద్దీన్ సంగతి కూడా దాచకు. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టినవాడు, అలాంటివాడి మీద 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో బోర్డు జీవితకాల నిషేధం వేసింది, 2012లో హైకోర్టు అది చెల్లదంది. ఆయనలాగే కాలర్ పైకెత్తుకుని ఆడే కుర్రాడొకడు మా స్కూల్లో ఉండేవాడు. నిషేధం వార్త వచ్చిన మర్నాడు కాలర్ మడిచేసుకుని వచ్చి, బ్యాట్ ముట్టుకోకుండా గోడ దగ్గర కూర్చున్నాడు. ఆటగాడు కూడా మనిషేనని, మెచ్చుకునేవీ మెచ్చకూడనివీ ఒకే మనిషిలో ఉంటాయని వాడికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అందుకే మనిషిని మొత్తంగా ఆదర్శం చేసెయ్యకుండా, బుజ్జిగాడికి పనికొచ్చే పని ఒకటి అందులోంచి ఏరి చూపించు. బ్యాడ్మింటన్ సింధు 2016లో రియో ఒలింపిక్స్‌లో సిల్వర్ గెలిచింది కదా, దానికి ముందు మూడు నెలలు ఆమె దగ్గర ఫోనే లేదు, అప్పటి ఆమె కోచ్ గోపీచంద్ తీసేసుకున్నాడు. మెడల్ ఫొటో అందరూ చూపిస్తారు, నువ్వు ఈ మూడు నెలల గురించి చెప్పు. వాడు నమ్మకపోతే పొద్దున్నే ఏదైనా బ్యాడ్మింటన్ అకాడమీకి తీసుకెళ్లి, పిల్లలు షటిల్ లేకుండా వట్టి ఫుట్‌వర్కే, అంటే కాళ్లు కదిపే సాధనే, ఎంతసేపు చేస్తారో బెంచీ మీద కూర్చుని చూడనీ. వాడు ఏం అడుగుతాడో విను, నువ్వు ఉపన్యాసం మొదలుపెట్టకు.

అల్లుడుగారిని వచ్చే మ్యాచ్ వాడి పక్కన కూర్చుని చూడమను. మధ్యలో ఆటగాడెవరైనా ప్రకటనలో కనిపిస్తే ఛానెల్ మార్చకుండా, అది ఎందుకు వచ్చిందో అక్కడికక్కడే చెప్పమను. నీ యూపీఐ పిన్ వాడికి తెలుసన్నావు, అది మాత్రం ఇవాళే మార్చెయ్.

మీ మావయ్య