రోటిఫర్‌కు మూడు ట్యాంకులు, డబ్బుకు ఒకటే ఖాతానా?

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర. రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌గా చేసి, రెండేళ్లుగా సొంత షెడ్డులో నీమో చేప పిల్లలను పెంచి అక్వేరియం షాపులకు అమ్ముతున్నాను. నెలకు సగటున 35,000 మిగులుతుంది, ఇంటి ఖర్చు 22,000. ఖాతాలో 18,000 ఉంది. నిరుడు కార్తీకం వానలకు రెండు రోజులు కరెంటు పోయి, చేపపిల్లల తొలి మేత అయిన రోటిఫర్ (కంటికి ఆననంత చిన్న నీటి జీవి) ట్యాంకు చచ్చి బ్యాచ్ మొత్తం పోయింది. ఇప్పుడు రోటిఫర్‌ను మూడు ట్యాంకుల్లో విడివిడిగా పెంచుతున్నాను. అప్పుడు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 40,000 అలాగే ఉంది. అదే వడ్డీకి ఇంకో 3 లక్షలు తెచ్చి రెండో షెడ్డు వేయవచ్చా?

జవాబు: వేయొద్దు. 3 లక్షలకు నెలకు 9,000 చొప్పున ఏడాదికి 1,08,000 వడ్డీకే పోతుంది, అసలు కదలదు. బ్యాచ్ బతికినా, చచ్చినా కట్టాల్సిందే.

నీమో పిల్ల గుడ్డు పగిలి బయటపడ్డ మర్నాటికల్లా నోటికి పట్టే మేత కావాలి. షెల్ఫులో ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలాంటి జీవి) డబ్బా ఉన్నా మొదటి నాలుగైదు రోజులు అది దాని నోటికి పెద్దది. ఇవి నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ దెబ్బతోనే కదా, ఇప్పుడు రోటిఫర్‌ను మూడు ట్యాంకుల్లో విడివిడిగా పెంచుతున్నానని రాశారు! మరి డబ్బు? చేపల మేతకు, పిల్లల ఫీజులకు, కరెంటు బిల్లుకు ఒకటే ఖాతా. అది ఖాళీ అయితే వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి.

ఈ తీరప్రాంతం నుంచి నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది "సరుకు ట్యాంకులో ఉందిగా సార్, అదే మా ఎఫ్‌డీ" అంటారు. కరెంటు పోతే చచ్చిపోయే ఎఫ్‌డీ ఏ బ్యాంకులో ఉంటుందండీ?

అందుకే ముందు ఆపదకు వేరే ఖాతా పెట్టండి. అందులో ఎంత ఉండాలంటే, ఆరు నెలల ఇంటి ఖర్చు 1,32,000. ఆర్టీమియా, ఆల్గే (సన్న నాచు) ఎరువులు, కరెంటు, డీజిల్ కలిపి నెలకు 15,000 అన్నారు కాబట్టి రెండు నెలలకు 30,000. మొత్తం 1,62,000. చేతిలో ఉన్న 18,000 పోను ఇంకా 1,44,000 కావాలి. వడ్డీకి కట్టగలననుకున్న ఆ 9,000 నెలనెలా పక్కన పెడితే 16 నెలల్లో వస్తుంది. ఈ ఖాతా మీ ఆవిడ పేరున, వేరే బ్యాంకులో, ఫోన్‌పే తగిలించకుండా ఉండాలి. వానల్లో జెనరేటర్ డీజిల్‌కు ఇందులోంచి తీయండి. కొత్త ట్యాంకుకు మాత్రం రూపాయి కూడా తీయొద్దు.

పాత 40,000 తీర్చడానికి కొంచెం బంగారం బ్యాంకులో పెట్టండి, రూపాయి లోపు వడ్డీతో పోతుంది. ఇద్దరు పిల్లలున్నారు, టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మామూలుగా 40 శాతం, మహిళలకు 60 శాతం సబ్సిడీ. వీలుంటే మీ ఆవిడ పేరున అడగండి, కానీ అది వస్తుందని ముందే అప్పు చేయొద్దు.

షెడ్డు సంగతి 16 నెలలయ్యాక రాయండి. మధ్యలో మళ్లీ కార్తీకం వస్తుంది. ఆ వానల్లో ఈ ఖాతాలోంచి ఎంత తీశారో కూడా రాయండి.