విక్టోరియా పల్లెల్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు ఎలా వచ్చాయి?

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పల్లె మంటలు ఆర్పేది ఎక్కువగా జీతం తీసుకోని ఊరివాళ్లే. మొదట్లో తడిపిన గోనె సంచులతో గడ్డి మంటలను బాదేవారు. అది పొట్టి గడ్డికి పనిచేస్తుంది, చెట్ల కొమ్మల్లోకి ఎక్కిన మంటకు కాదు.

అప్పట్లో పెద్ద లోపం అధికారం ముక్కలై ఉండడం. చిన్న పట్టణాలకు ఒక బోర్డు, పొలాలకు రైతుల దళాలు, అడవులకు అటవీ కమిషన్ ఉండేవి. మంటకు ఆ సరిహద్దులేం తెలుసు? 1939 జనవరి 13న 'బ్లాక్ ఫ్రైడే' నాటి మంటలు ఉధృతమయ్యాయి. ఆ వేసవి మంటలకు 71 మంది బలయ్యారు. విచారణ జరిపిన జడ్జి స్ట్రెటన్ పల్లెలన్నిటికీ ఒకే సంస్థ కావాలన్నారు. ప్రభుత్వం నాన్చింది. 1944లో మళ్లీ ఘోరంగా తగలబడ్డాకే చట్టం వచ్చింది. 1945 ఏప్రిల్‌లో కంట్రీ ఫైర్ అథారిటీ పని మొదలుపెట్టింది.

అసలు ప్రాణాలు తీసేది గాలి మార్పు. ఉత్తరపు వేడిగాలికి మంట సన్నగా, పొడవుగా దక్షిణానికి సాగుతుంది. నైరుతి గాలి రాగానే దాని తూర్పు పక్క మొత్తం ముందు వరుసై కిలోమీటర్ల వెడల్పున దూకుతుంది. 1983లో అప్పర్ బీకన్స్‌ఫీల్డ్‌లో 12 మంది, 1998లో లింటన్‌లో అయిదుగురు వాలంటీర్లు ఇలాగే చిక్కుకుని చనిపోయారు. అందుకే ట్యాంకర్ నీళ్లన్నీ మంట మీదే ఖర్చు చేయకూడదు. సిబ్బందిని కాపాడుకునేందుకు కొంత అట్టిపెట్టాల్సిందే.