ఎదురుగా ఏమీ లేదు, అయినా కారు బ్రేకు వేసింది

ప్రశ్న: హైవే మీద అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ పెట్టుకుని వెళ్తుంటే, ముందు ఏ వాహనమూ లేకపోయినా కారు ఉన్నట్టుండి బ్రేకు వేస్తోంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే లోపమేమీ లేదంటున్నారు. కారణం ఏమిటి? కారులోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ పోర్టులో పెట్టే డాంగిల్ అనే చిన్న పరికరంతో ఇది ఆగిపోతుందని కొందరు చెబుతున్నారు, వాడవచ్చా?

జవాబు: మాటల్లో కొద్ది తేడాతో ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది. సర్వీస్ సెంటర్ ఇచ్చిన సమాధానం మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఒక్కటే. డాంగిల్ సంగతికి కొంచెం ఆగి వస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్నలో నన్ను నిజంగా కలవరపెడుతున్నది అదే.

ముందుగా బ్రేకు వేసినది ఏ వ్యవస్థ అన్నది తేల్చుకోవాలి. మీరు పెట్టిన వేగంతో పోతూ, ముందున్న వాహనంతో దూరం పాటించే పని క్రూజ్ కంట్రోల్‌ది. ఢీకొనడం తప్పదనిపించినప్పుడు కలుగజేసుకునేది ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్. రెండో దాని వెంట సాధారణంగా ఎర్ర హెచ్చరిక, పెద్ద చప్పుడు వస్తాయి. అవేవీ లేకుండా కారు నెమ్మదించిందంటే అది చాలావరకు క్రూజ్ కంట్రోల్ పనే. అదైతే మెత్తని బ్రేకే కదా అనుకోవడం పొరపాటు. ఐఎస్ఓ 15622 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, హైవే వేగాల వద్ద క్రూజ్ కంట్రోల్ బ్రేకు వల్ల వేగం ప్రతి సెకనుకూ సగటున సెకనుకు 3.5 మీటర్లకు మించి తగ్గకూడదు. ఆ పరిమితిలోనే ఉన్నా, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు రెండు సెకన్లలో 75కు పడిపోతుంది. వెనుక ఒక్క సెకను దూరంలో, అంటే సుమారు 28 మీటర్ల ఎడంలో వస్తున్న వ్యక్తి ముందు రోడ్డు ఖాళీగా ఉండటం చూసి నిశ్చింతగా ఉంటాడు కాబట్టి, ఈ ఉత్తుత్తి బ్రేకు అతనికే ఎక్కువ ప్రమాదకరం.

ఇక కారణాలు. కార్లలో వాడే రాడార్ సాధారణంగా 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దూరాన్ని, వేగాన్ని అది చక్కగా కొలుస్తుంది గానీ, పాత తరహా రాడార్‌కు ఎత్తు దాదాపుగా తెలియదు. రోడ్డు కాస్త ఎత్తెక్కి ముందుకు సాగేచోట, తలపైన ఉన్న ఇనుప సూచిక బోర్డూ, లేన్ మధ్యలో ఆగిపోయిన లారీ దానికి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. కదలకుండా ఉన్న వస్తువులన్నిటినీ పట్టించుకోవద్దని రాస్తే కారు ఆగి ఉన్న లారీని గుద్దుతుంది. అన్నిటినీ నమ్మమని రాస్తే ప్రతి వంతెన కిందా బ్రేకు వేస్తుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో ఎవరో ఒక ఇంజినీరు నిర్ణయించాడు, ఆ నిర్ణయం ఫలితమే మీరు రోడ్డు మీద చూస్తున్నది. కెమెరా తోడైతే ఎత్తు సమస్య తగ్గుతుంది గానీ, ఎదురెండ, రోడ్డు మీద పడిన ముదురు నీడ, మలుపులో పక్క లేన్ లారీ వంటి కొత్త అనుమానాలు వచ్చి చేరతాయి.

కొన్ని కార్లలో అసలు అడ్డంకి అన్న ఊహే ఉండదు. మ్యాపులోని వేగ పరిమితిని చూసి క్రూజ్ వేగాన్ని దానంతటదే మార్చే సౌకర్యం ఆన్‌లో ఉంటే, ఫ్లైఓవర్ మీద పోతున్న కారు తాను కింది సర్వీస్ రోడ్డులో ఉన్నానని పొరబడి 100 నుంచి 40కి దిగడానికి ప్రయత్నిస్తుంది. మీ కారు ప్రతిసారీ ఒకే చోట నెమ్మదిస్తుంటే మొదట ఆ సౌకర్యాన్ని ఆపి చూడండి.

వాడేవారి నిర్లక్ష్యం కూడా తక్కువేమీ కాదు. బంపర్‌కు దెబ్బ తగిలితే బయట ఎవరితోనో పుట్టీ పెట్టించి మందంగా రంగు వేయిస్తారు, దాని వెనుకే రాడార్ ఉందన్న ధ్యాస ఉండదు. ముందు అద్దం మార్పించి, కెమెరాకు క్యాలిబ్రేషన్ (చూపు దిశను సరిచేయడం) చేయించకుండా బండి తెచ్చుకుంటారు. సెన్సర్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి: 100 మీటర్ల దూరంలో చూపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది, అది మూడున్నర మీటర్ల లేన్‌లో సగం. అంటే పక్క లేన్‌లోని వాహనాన్ని మీ ముందున్నదిగా భావించి కారు బ్రేకు వేస్తుంది.

మరి సర్వీస్ సెంటర్‌కు లోపం ఎందుకు దొరకదు? వారు చదివేది లోపాల కోడ్‌లను, అవి ఒక భాగం చెడిపోతేనే నమోదవుతాయి. లేని వస్తువును ఉందనుకున్న సెన్సర్ తన లెక్కలో తాను సరిగానే పనిచేసింది, కాబట్టి కోడ్ ఉండదు. నా అసలు కోపం ఇక్కడే. ముందు అద్దం పొడవునా బొమ్మలు చూపించగలిగిన కారు, తాను బ్రేకు ఎందుకు వేసిందో ఒక్క వాక్యంలో చెప్పలేదా? ‘ముందు వాహనం’, ‘వేగ పరిమితి’, ‘ఆగి ఉన్న వస్తువు’ అని మూడు కారణాల్లో ఒకటి తెర మీద చూపించి, తేదీతో సహా దాచి ఉంచితే డ్రైవరుకూ మెకానిక్‌కూ సగం శ్రమ తప్పుతుంది. నియంత్రణ సంస్థలు కూడా దీన్ని అడగడం లేదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2022 ఫిబ్రవరిలో 354 ఫిర్యాదుల ఆధారంగా ఒక తయారీదారు కార్లపై ఈ విషయంలోనే దర్యాప్తు మొదలుపెట్టింది. అదే సంస్థ 2024లో వెలువరించిన ఎమర్జెన్సీ బ్రేకింగ్ నిబంధనలో అనవసర బ్రేకును పరీక్షించే సందర్భాలు రెండే: రోడ్డు మీద పరిచిన ఉక్కు పలక, ఆపి ఉంచిన రెండు కార్ల నడుమ ప్రయాణం. ఆ రెండూ దాటిన కారు ఎండా నీడల మధ్య ఎలా ప్రవర్తిస్తుందో ఆ పరీక్ష చెప్పదు.

కారు చెప్పకపోవడం, సర్వీస్ సెంటర్ తేల్చకపోవడం వల్లనే జనం డాంగిళ్ల వైపు పోతున్నారు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో పెట్టిన పరికరం చాలా కార్లలో నేరుగా క్యాన్ అనే అంతర్గత తంతి వ్యవస్థను చేరుకుంటుంది. 1986లో పరిచయమైన ఆ వ్యవస్థకు సందేశం పంపినవారెవరని అడిగే అలవాటు లేదు. సరైన సంఖ్యతో వచ్చిన ఏ సందేశాన్నైనా బ్రేకు కంట్రోలర్ నిజమైనదిగానే తీసుకోవచ్చు. కొత్త కార్లలో మధ్యలో గేట్‌వే అనే కాపలా ఉంటోంది గానీ, మీ కారులో అది ఎంత గట్టిదో డాంగిల్ అమ్మేవాడికి పట్టదు. ఇది ఊహాగానం కాదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలా పోర్టులో పెట్టే ఒక పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, తక్కువ వేగంలో ఉన్న కారు బ్రేకులను వేసి చూపించారు, పనిచేయకుండా కూడా చేశారు. చౌక బ్లూటూత్ డాంగిళ్లలో చాలావాటికి పిన్ ఇప్పటికీ 1234 లేదా 0000. పార్కింగ్‌లో పక్కన నిలుచున్న వ్యక్తి కూడా దాన్ని ఊహించగలడు. ఉత్తుత్తి బ్రేకును వదిలించుకోవడానికి బ్రేకునే పరాయివాడి చేతికివ్వడం తెలివైన బేరం కాదు. వద్దు, వాడకండి.

తయారీదారు పంపే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా కళ్లు మూసుకుని నమ్మదగినది కాదు. 2021 అక్టోబరులో ఒక కంపెనీ వైర్‌లెస్‌గా పంపిన అప్‌డేట్ తర్వాత కార్లు అకారణంగా ఎమర్జెన్సీ బ్రేకు వేయడంతో 11,704 వాహనాలను రీకాల్ చేయవలసి వచ్చింది. వాహనాల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లపై ఉన్న ఐక్యరాజ్యసమితి 156వ నియమం ప్రకారం అప్‌డేట్ ఉద్దేశాన్నీ, మారే పనులనూ వినియోగదారుకు తెలియజేయాలి. చేతికందేది మాత్రం ‘పనితీరు మెరుగుపరచబడింది’ అన్న ఒక్క పంక్తి. బ్రేకు ప్రవర్తన మార్చే అప్‌డేట్‌కు అది చాలదు. దూర ప్రయాణానికి ముందు రోజు రాత్రి అప్‌డేట్ పెట్టకండి.

ఇక మీరు చేయవలసినది. క్రూజ్ కంట్రోల్ అకారణంగా నెమ్మదించినప్పుడు యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కితే ఆ బ్రేకు వదులుతుంది, కాబట్టి కాలిని దూరంగా ముడుచుకుని కూర్చోవద్దు. జరిగిన ప్రతిసారీ సమయం, చోటు, దిశ, సూర్యుడు ఎటు ఉన్నాడో, డాష్‌బోర్డు మీద వెలిగిన గుర్తేమిటో రాసుకోండి. డాష్‌క్యామ్ ఉంటే ఆ ముక్కను దాచండి. ‘బ్రేకు వేస్తోంది’ అని కాకుండా ఈ వివరాలతో వెళ్లి, సెన్సర్ క్యాలిబ్రేషన్ చేసి నివేదిక ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను మాత్రం ఆపవద్దు. ఆపినా ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయగానే ఆన్ అవుతోందని విసుక్కునేవారు, ఐక్యరాజ్యసమితి 152వ నియమం అలాగే ఉండాలని కోరుతుందని గ్రహించాలి.

ప్రశ్న: నేను ఇప్పటికే డాంగిల్ పెట్టి క్రూజ్ కంట్రోల్ బ్రేకు తీరును మార్పించాను. తీసేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇగ్నిషన్ ఆపి డాంగిల్‌ను తీసేయండి, ఫోన్‌లోని యాప్‌ను తొలగించండి, ఆ యాప్ ఖాతాకు వాడిన పాస్‌వర్డ్ మరెక్కడైనా ఉంటే మార్చండి. అయితే డాంగిల్ తీసేసినంత మాత్రాన అది కంట్రోలర్‌లో రాసిన కోడింగ్ మార్పు, అంటే సెట్టింగుల మార్పు, పోదు. ఏమి మార్చారో దాచకుండా సర్వీస్ సెంటర్‌లో చెప్పి, ఫ్యాక్టరీ కోడింగ్‌తో పోల్చి తిరిగి రాయించండి. అంతవరకు క్రూజ్ కంట్రోల్ వాడకండి.