తమ్ముడి పాయింట్లు, తమ్ముడి మోకాలు

ప్రశ్న: మా తమ్ముడికి పదిహేనేళ్లు. హైస్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో అందరికంటే పొడుగు. పోయినేడాది బెంచీ మీదే కూర్చున్నవాడు, ఈ ఏడాది ప్రతి మ్యాచ్‌లో ఇరవై పాయింట్లకు తగ్గడం లేదు. ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు. చదువు పక్కన పెట్టించి ఆటలోనే పెడదామని నాన్న అంటున్నారు. వాడికేమో మోకాలి కింద నొప్పి. కోచ్‌కి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి సార్?

జవాబు: అమ్మా, ముందు ఆ మాట తప్పండి. ఈ రోజే కోచ్‌కి చెప్పి, ఎముకల డాక్టరుకు చూపించండి. ఎదిగే వయసులో ఎముక పెరిగినంత త్వరగా కండరాలు సాగవు. గెంతిన ప్రతిసారీ ఆ లాగుడంతా మోకాలిచిప్ప కింద, కాలి ఎముక మొదట్లో పడుతుంది. అలా వచ్చే నొప్పిని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. చాలామందికి ఎదుగుదల ఆగాక తగ్గిపోతుంది, కానీ నొప్పి ఉన్నన్నాళ్లు గెంతులు తగ్గించాలి. ఇది అదేనో, వేరే ఏదైనానో తేల్చాల్సింది డాక్టరే. తమ్ముడికి నాలుగు రోజులు కోపం వస్తుంది. రానివ్వండి.

ఇక ఆ ఇరవై పాయింట్ల గురించి. నేను కోచింగ్ ఇచ్చిన టీమ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. పద్నాలుగేళ్లకే మిగతావాళ్ల కంటే తల ఎత్తు ఎక్కువ. రింగ్ కింద నిలబెట్టి బంతి అందిస్తే చాలు, వేసేసేవాడు. గెలిచాం, కప్పులు తెచ్చుకున్నాం. మూడేళ్లలో మిగతా పిల్లలూ ఎదిగారు, వాడి ఎత్తు అక్కడే ఆగింది. అప్పుడు చూస్తే ఎడమ చేత్తో డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ తీసుకెళ్లడం) రాదు, దూరం నుంచి షాట్ రాదు. ఆ తర్వాత ఏడాదే ఆట మానేశాడు. తప్పు వాడిది కాదు, నాది. గెలుస్తున్నాం కదా అని నేను నేర్పలేదు. మీ ఉత్తరం చదవగానే వాడే గుర్తొచ్చాడు.

అమెరికా స్టార్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. హైస్కూల్‌లో సన్నగా, పొట్టిగా ఉండేవాడు. బలం చాలక బంతిని నడుము దగ్గర్నుంచి విసిరేవాడు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన తండ్రి డెల్ కర్రీ ఒక వేసవిలో ఆ షాట్‌ని తల పైనుంచి వేసేలా మొదటినుంచీ మార్పించారు. కొన్ని వారాలు దూరం నుంచి ఒక్కటీ పడేది కాదు. కుర్రాడు ఏడ్చేవాడు కూడా. పెద్ద కాలేజీలు స్కాలర్‌షిప్ ఇవ్వకపోతే డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీలో చేరాడు. 2009లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఏడోవాడిగా తీసుకున్నారు. ఆ వేసవిలో వాళ్లు చూపిన ఓపిక మీ ఇంట్లో ఉందా అన్నదే నేను అడిగేది.

వచ్చే మ్యాచ్‌లో స్కోరు బోర్డు చూడకండి. ఇద్దరు మీద పడినప్పుడు తమ్ముడు ఖాళీగా ఉన్న తోటివాడిని చూస్తున్నాడా? బంతి పోయాక డిఫెన్స్‌కి పరుగెత్తి వస్తున్నాడా, నడిచి వస్తున్నాడా? ఎడమ చెయ్యి వాడుతున్నాడా? అన్నిటికంటే ముఖ్యంగా ఫౌల్ అయినప్పుడు ఇచ్చే ఫ్రీ త్రోలు గమనించండి. రింగ్ 3.05 మీటర్ల ఎత్తులో, లైను బోర్డుకు 4.6 మీటర్ల దూరంలో. ఎవరూ అడ్డం రారు, పొడుగు పెద్దగా పనికిరాదు. చేతికి ఎంత వచ్చిందో అక్కడ తెలిసిపోతుంది. డాక్టరు సరే అన్నాక రోజూ వంద వేయించి, ఎన్ని పడ్డాయో నోట్‌బుక్‌లో రాయించండి.

నాన్నగారికి లెబ్రాన్ జేమ్స్ పేరు ఎవరో చెప్పి ఉంటారు. నిజమే, 2003లో హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకి వెళ్లాడు, డ్రాఫ్ట్‌లో మొదటివాడు. కానీ స్కూలు పూర్తి చేసే వెళ్లాడు. మొదటి మ్యాచ్‌లో 25 పాయింట్లతో పాటు 9 అసిస్టులు (తోటివాడు బుట్టలో వేసేలా ఇచ్చిన పాస్‌లు) ఉన్నాయి. అంటే పాస్ ఇవ్వడం అప్పటికే వచ్చు. ఆ దారి కూడా 2006 డ్రాఫ్ట్ నుంచి మూసేశారు. ఇప్పుడు డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో పందొమ్మిదేళ్లు నిండాలి. అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై స్థాయి అయిన డివిజన్ 1 కాలేజీల్లో ఆడాలన్నా హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు) పాసవ్వాలి, మార్కులూ చూస్తారు. చదువు మానేస్తే ఆటకు దారి దగ్గరవదు, మూసుకుపోతుంది. ఈ మాట నాన్నగారికి నా పేరు చెప్పి చదివి వినిపించండి.

ఫోన్లు చేసేవాళ్లతో తమ్ముణ్ని ఒంటరిగా మాట్లాడనివ్వకండి. కాగితాల మీద సంతకాలు అసలే వద్దు.

డాక్టరు ఏమన్నారో నాకు రాయండి. నొప్పి తగ్గాక ఆ నోట్‌బుక్‌లోని మొదటి వారం లెక్క కూడా పంపించండి, చూసి ఏం మార్చాలో చెబుతాను.